కట్టుట – కాచుట

తిరుచానూరు పేరు విన్నంతనే మనకు పద్మసరోవరము, కార్తికమాసపు పంచమీతీర్థము, అలమేలుమంగమ్మ గుడిగోపురము మనస్సున మెదలును. యాత్రికునకు ఆ ఊరు అంతటితో ముగియును. కాని ఆ ఊరికి మరియొక చరిత్ర కలదు. ఉత్తరమున శేషాచలము, దక్షిణమున స్వర్ణముఖి. ఈ రెండింటి నడుమ వేయేండ్లకు పైగా మనుష్యులు ఇండ్లు కట్టుకొని, గుళ్ళు నిలిపి, సత్రములు పెట్టి, చెరువులు త్రవ్వి బ్రతికిరి. వారు దేనితో కట్టిరి? కట్టినదానిని ఎట్లు నిలుపుకొనిరి? ఈ రెండు ప్రశ్నలే నేటి మన ప్రసంగమునకు విషయము.

సుస్థిరమైన కట్టడములు అను మాట ఈ కాలమున తరచుగా వినవచ్చుచున్నది. మాట క్రొత్తదైనను భావము క్లిష్టమైనది కాదు. దగ్గర దొరకు వస్తువులతో కట్టుట మొదటి లక్షణము. ఇంధనమును వృథాచేయక ఎండకు, వానకు, చలికి ఆగగలుగుట రెండవది. రాబోవు తరమువారి నీటిని, మట్టిని, చెట్టును హరింపకుండుట మూడవది. చెడిన భాగమును ఆ ఊరివారే మరల బాగుచేసికొనగలుగుట నాలుగవది. మొదటి మూడింటిని గూర్చి అందరును చెప్పుదురు. నాలుగవదానిని మరతుము. తిరుచానూరు పరిసరముల చరిత్ర మనకు నేర్పు పాఠము మాత్రము ఆ నాలుగవదానియందే ఉన్నది.

మొదట రాళ్ళు ఏమి చెప్పుచున్నవో విందము. దేవస్థానమువారి శాసనములను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు పరిశీలించి, 1930లో ఒక నివేదికను ప్రకటించిరి. ఆ శాసనములలో మిక్కిలి ప్రాచీనములైనవి కొన్ని కొండపైన కాక, క్రింద తిరుచానూరులోనే లభించినవి. నాడు ఆ ఊరిపేరు తిరుచ్చొగినూరు. క్రీస్తుశకము 9వ శతాబ్దమునకు చెందిన పల్లవరాజు దంతివర్మ కాలపు శాసనము అందొకటి. దేవుని సన్నిధిని దీపము నిరంతరము వెలుగుటకై బంగారము నిక్షేపించిన వార్తను అది తెలుపును. ఊరిని ఆనుకొనియున్న యోగిమల్లవరములోని పరాశరేశ్వరాలయమున చోళరాజులనాటి శాసనములు కలవు.

ఇట్టి శాసనములను చదువువారికి ఒక విషయము స్పష్టపడును. దాత ఇచ్చి ఊరకొనుట లేదు. దీపమునకు నేయి ఎవరు పోయవలెను, ఆ నేతికి ఆదాయము ఏ సొమ్మునుండి రావలెను, ఆ సొమ్ము ఎవరి వశమున ఉండవలెను అను సంగతులను రాతిమీద చెక్కించుచున్నాడు. ఆచంద్రార్కము నిలువవలెనని కోరుట సులభము. ఆ కోరికకు లెక్క వ్రాసి, బాధ్యుని నియమించుట కష్టము. మన పూర్వులు కోరికతోపాటు లెక్కను కూడ వ్రాసిరి.

ఇది దీపమునకే పరిమితమైన పద్ధతి కాదు. 15వ శతాబ్దమున చంద్రగిరిని ఏలిన సాళువ నరసింహుడు, తరువాత విజయనగర సింహాసనమెక్కినవాడు, తిరుమలయందును తిరుపతియందును రామానుజకూటములను నెలకొల్పెను. అవి యాత్రికులకు అన్నము పెట్టు శాలలు. నేటి మాటలో చెప్పవలెనన్న సమాజభవనములు. వాటి నిర్వహణను కందాడై రామానుజయ్యంగారునకు అప్పగించెను. అన్నమునకు బియ్యము కావలెను, బియ్యమునకు నీరు కావలెను. కనుక దేవస్థానమునకు భక్తులు సమర్పించిన ధనము అక్కరకు రాక మూలపడియుండలేదు. దేవుని గ్రామములలో చెరువులు బాగుచేయించుటకును, కాలువలు త్రవ్వించుటకును దానిని వినియోగించిరి. ఆ నీటివలన పెరిగిన పంటయే నైవేద్యమునకును అన్నదానమునకును ఆధారమయ్యెను. బర్టన్ స్టెయిన్ అను చరిత్రకారుడు 1960లో ఈ విషయమును తిరుపతి శాసనముల సాక్ష్యముతో విపులముగా నిరూపించెను. అనగా, శాల కట్టినవారు శాలతో ఆగక, దానిని పోషించు చెరువును గూర్చి కూడ ఆలోచించిరన్నమాట.

ఇక సామాన్యుల ఇండ్లను చూతము. రాయలసీమలో రెండు విధములైన ఇండ్లు ప్రసిద్ధములు. బోదగడ్డితోనో, చెరకాకుతోనో కప్పిన కొట్టము ఒకటి. మట్టిమిద్దె మరియొకటి. మిద్దెకు గోడలు మూరెడుకు మించిన మందము గలవి. పునాది రాతితో వేసి, పైన మట్టిని త్రొక్కించి వరుసవరుసగా పెట్టుదురు. లేదా రాతిముక్కలను మట్టితో పేర్చుదురు. గోడలపైన దూలములు, దూలములపైన దంతెలు, వాటిపైన కట్టెలో రాతిపలకలో పరచి, ఆకు అలములు కప్పి, ఆపైన చవిటిమన్నును జానెడు మందమునకు దట్టించుదురు.

ఈ చవిటిమన్ను ఎందుకని సందేహము కలుగవచ్చును. చవిటినేలలో పైరు పండదు. రైతు దృష్టిలో అది పనికిరాని మన్ను. కాని ఆ మన్నులోని క్షారగుణము వలన, వాన తగిలినంతనే బంకమన్ను రేణువులు ఉబ్బి, విడివడి, సందులను మూసివేయును. అందుచేత నీరు లోనికి దిగక, తూములగుండ బయటికి పోవును. పంటకు పనికిరానిదే పైకప్పునకు శ్రేష్ఠమైనది. ఇట్టి ఎరుక పుస్తకములలో పుట్టినది కాదు. తరతరములు వాననీటిని కనిపెట్టి చూచినవారు సంపాదించుకొన్నది.

మందమైన మట్టిగోడ పగటి వేడిని మెల్లగా గ్రహించును, రాత్రి మెల్లగా విడిచిపెట్టును. అందువలన నడివేసవిలో మధ్యాహ్నపు వేళ ఇంటిలోపల చల్లగా ఉండును. రాత్రి లోపల ఉక్కపోసినపుడు ఇంటిల్లిపాదియు మిద్దెపైన పడుకొందురు. గాలికి, వెలుతురునకు పైకప్పులోనే ఒక రంధ్రము ఉంచి, వానకాలమున దానిపై మూత పెట్టుదురు. వీధివైపున అరుగులుండును. అరుగు ఇంటివారిదే అయినను, బాటసారి కూర్చుండినచో లెమ్మనువారు లేరు.

ఇంతటి మేలుగల మిద్దెకు ఒక నియమము కలదు. ఏటేట తొలకరికి ముందు దానిపైకి క్రొత్త చవిటిమన్ను తోలవలెను. పగుళ్ళను మెత్తవలెను. మొలచిన గడ్డిని పెరికి, తూములను శుభ్రము చేయవలెను. రెండుమూడేండ్లు ఈ పని మానినచో దూలములు చివికి, ఇల్లు కురియును. కనుక మట్టిమిద్దె ఒకసారి కట్టి మరచిపోదగిన ఇల్లు కాదు. అయితే ఆ మరమ్మతునకు కావలసిన మన్ను ఊరి వెలుపలనే ఉన్నది, పని తెలిసినవారు ఇంటిలోనే ఉన్నారు. వ్యయము స్వల్పము, శ్రమ మాత్రము తప్పదు.

ధనవంతుల ఇండ్లకును, మండపములకును, కోటలకును డంగుసున్నము వాడిరి. కాల్చిన సున్నమును నీటితో విరియించి, ఇసుక చేర్చి, గుండ్రని గాడిలో ఎద్దులు త్రిప్పు రాతిచక్రముతో నూరుదురు. దానినే సున్నపుగానుగ అందురు. బెల్లపునీరు, కరక్కాయరసము కలుపుటయు కలదు. సున్నపురాయి సుమారు 900 డిగ్రీల వేడిలో కాలును. సిమెంటునకు సుమారు 1,450 డిగ్రీల వేడి కావలెను. అంతేకాదు, కాలునపుడు సున్నపురాయి విడిచిన బొగ్గుపులుసు వాయువును, గోడలో చేరిన సున్నము మెల్లమెల్లగా గాలినుండి మరల గ్రహించి గట్టిపడును. నేడు ప్రపంచమున మానవులు వెలువరించు బొగ్గుపులుసు వాయువులో నూటికి 7, 8 పాళ్ళు సిమెంటు తయారీవలననే కలుగుచున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. పూర్వుల సున్నమును నేటివారు మరల పరిశీలించుటకు ఇది ఒక కారణము.

డంగుసున్నపు శక్తిని కన్నులార చూడగోరువారు తిరుపతికి సమీపముననే ఉన్న చంద్రగిరికి పోవలెను. విజయనగర ప్రభువుల చివరి రాజధానులలో అది ఒకటి. అక్కడి రాజమహలు మూడంతస్తుల భవనము. రాయి, ఇటుక, సున్నము తప్ప కొయ్యను వాడక, కమానులమీదను, గుమ్మటములమీదను దానిని నిలిపిరి. కొయ్య లేదు గనుక చెదలు పట్టుటకు అవకాశము లేదు. భారత పురాతత్త్వశాఖవారు దానిని సంరక్షించి, అందు ప్రదర్శనశాలను నెలకొల్పిరి. చూడవచ్చినవారు కమానుల ఎత్తును చూచి ఆశ్చర్యపడుదురు. సంరక్షకులు లేక విడువబడిన కోటలు మన సీమలో ఎన్నియో కలవు. అవియు రాయితో సున్నముతో కట్టినవే. అయినను రావిమొక్క వేరుపారి వాటి గోడలను చీల్చినది. సున్నము మంచిదగుట చాలదు, మొలచిన మొక్కను పెరికివేయు చేయి కూడ ఉండవలెను.

ఇంటికిని చెరువునకును గల సంబంధమును మనము మరచితిమి. వేసవిలో చెరువు ఎండినపుడు పూడికమన్నును త్రవ్వి బండ్లతో తోలుకొందురు. అందు కొంత పొలమునకు ఎరువు, కొంత కుమ్మరి సారెకు, కొంత ఇటుకలకు, కొంత గోడలకు. ఇల్లు కట్టుకొనువాడు తనకు తెలియకనే చెరువును లోతుచేయుచున్నాడు. ఇంటికి మట్టి దొరికెను, చెరువునకు నీరు నిలుచు చోటు దొరికెను. మట్టిగోడలు పోయిన తరువాత ఆ పూడికను అడుగువారు తగ్గిరి, చెరువులు మెరకలైనవి.

చెరువు కట్టుటయందు మనవారికి గల శాస్త్రజ్ఞానమునకు పొరుగున ఉన్న కడపసీమలో గొప్ప సాక్ష్యమున్నది. పోరుమామిళ్ళ చెరువును క్రీస్తుశకము 1369లో బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాతిపనికి నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని అచ్చటి సంస్కృత శాసనము చెప్పుచున్నది. చెరువునకు కావలసిన పన్నెండు సాధనములను, కూడని ఆరు దోషములను కూడ అది పేర్కొనెను. జలశాస్త్రము నెరిగిన పండితుడు, గట్టినేల, పొడవైన రాళ్ళు దొరకు గని, పని తెలిసిన కూలీలు సాధనములు. కట్టనుండి నీరు చెమర్చుట, చవిటినేల, నీరు కొంచెమై సాగుభూమి అధికమగుట దోషములు. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుటయు దోషమే. ఏలయన ఇద్దరి సొత్తైన చెరువును ఎవరును బాగుచేయరు. ఆ శాసనకర్త మట్టిని, రాతినే కాక మనుష్యుని స్వభావమును కూడ ఎరిగినవాడు.

బాగుచేయు బాధ్యతకై రాయలసీమలో దశబంధ మాన్యములు ఏర్పడినవి. చెరువును త్రవ్వించినవారికిని, దానిని ఏటేట కాపాడువారికిని ఆదాయములో భాగమునో, భూమినో ఇచ్చు ఏర్పాటది. నీటిని మళ్ళకు పంచుటకు నీరుగంటి ఉండెడివాడు. కంపెనీ పరిపాలనలో ఇట్టి ఏర్పాటులు చాలవరకు సడలిపోయినవి. గ్రామస్థులు ఆచారముగా చేయు పనిని నిర్బంధముగానైన చేయింపవలెనని మద్రాసు ప్రభుత్వము 1858లో శాసనము చేసెను. పాడుపడిన చెరువులను బాగుచేయుటకు 1883లో ఒక పథకమును ఆరంభించెను. వెనుక మాన్యముతోడను, మర్యాదతోడను నడచిన పని నిర్బంధముతో నడువలేదు.

ఇది గతించిన కథ మాత్రమే కాదు. 2021 నవంబరులో తిరుపతి ప్రాంతమున కుంభవృష్టి కురిసెను. విజయనగర కాలపుదిగా ప్రసిద్ధికెక్కిన రాయలచెరువు కట్టకు గండి పడునేమో అను భయము పుట్టెను. కట్టనుండి నీరు కారుచుండగా దిగువ గ్రామముల ప్రజలను తరలించి, ఇసుకబస్తాలతో కట్టను నిలుపవలసివచ్చెను. అదే వానలలో స్వర్ణముఖి పొంగి, తిరుచానూరు వైపున ఏటి ఒడ్డునున్న ఇండ్లు కూలినవి. అవి మట్టియిండ్లు కావు, సిమెంటుతో కట్టినవి. గోడ గట్టిదైనను దాని క్రింది నేల నదిది. వాగులకును చెరువులకును విడువవలసిన చోటును విడువక కట్టిన ఇల్లు, ఎంత దృఢమైనదైనను సుస్థిరము కాజాలదు. పోరుమామిళ్ళ శాసనమున చెప్పిన మొదటి దోషము, కట్ట చెమర్చుట, ఆరువందల యేండ్ల తరువాత మన కన్నులయెదుట నిలిచెను.

ఇప్పుడు బడుల సంగతి. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులు కలవనియు, వాటియందు 6,641 మంది చదువుచున్నారనియు మద్రాసు ప్రభుత్వమునకు నివేదించెను. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురపు సీమయు చేరియుండెను. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుదురని అతడు వ్రాసెను. ఆ కాలపు వీధిబడులలో పెక్కింటికి వేరు భవనము లేదు. పంతులుగారి ఇంటి అరుగో, గుడిమండపమో, చెట్టునీడయో చాలును. అట్టి బడికి గోడలకై వ్యయము లేదు, ఉన్న కట్టడమునే రెండుపూటల వాడుకొందురు. అయితే ఆ అరుగు ఊరిలోని పిల్లలందరిది కాదు. ఎవరు అరుగెక్కవలెనో, ఎవరు వీధిలోనే ఆగవలెనో కులము నిర్ణయించెను, బాలికలకు చోటు అరుదు. అందరికిని బడి కావలెనన్నప్పుడు వేరు భవనము అవసరమయ్యెను. ఆ మార్పు మేలే.

క్రొత్త బడిని పాత వివేకముతో నిలుపవచ్చునని మదనపల్లె సమీపమున ఒక ఉదాహరణ కలదు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు 1926లో ఒక లోయను, అందలి గొప్ప మఱ్ఱిచెట్టును చూచి విద్యాలయమునకు ఎన్నుకొనిరి. అదియే ఋషివ్యాలీ. నాడది కరవుసీమలోని బోడికొండల లోయ. దశాబ్దముల తరబడి చెట్లు నాటి, వాననీటికి అడ్డుకట్టలు వేసి, నేలను కాపాడుటవలన ఆ లోయ పచ్చబడినది. 1991లో దానిని పక్షిసంరక్షణ స్థలముగా ప్రకటించిరి. 1980ల చివరనుండి చుట్టుపట్టు పల్లెలలో ఆ సంస్థవారు చిన్న చిన్న బడులను నెలకొల్పిరి. ఊరివారు ముందుకువచ్చి స్థలము చూపుట, బడిచుట్టు చెట్లు పెంచుట ఆ బడుల పద్ధతి. తాను నీరు పోసిన చెట్టున్న బడిని పిల్లవాడు పరాయిసొత్తుగా చూడడు.

వస్తువు మంచిదైనను మనుష్యులు తమదిగా భావింపని కట్టడము నిలువదు. దీనికి దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పుదును. ఈజిప్టుదేశమున హసన్ ఫతీ అను గొప్ప వాస్తుశిల్పి 1940లలో క్రొత్త గూర్నా అను గ్రామమును నిర్మించెను. ఎండిన మట్టియిటుకలతో కమానులు, గుమ్మటములు, బడి, మసీదు, అంగడి కట్టించెను. చల్లని ఇండ్లు, చౌకయిండ్లు. కాని పాత గూర్నావారి జీవనము ప్రాచీన సమాధుల దాపున ఉన్న తమ ఊరితో ముడిపడియుండెను. వారు క్రొత్త ఊరికి కదలుటకు ఇష్టపడలేదు. ఊరు పూర్తికాలేదు, ఉన్న ఇండ్లలో అనేకము శిథిలమైనవి. మట్టిని తెలిసినవానికి కూడ మనుష్యులను ఒప్పించుట కష్టమని ఆ కథ చెప్పును.

ఇంత చెప్పినందున పాతదంతయు మంచిదని మన అభిప్రాయము కాదు. మట్టిమిద్దెలో వెలుతురు తక్కువ, వంటపొగ ఎక్కువ. పగుళ్ళలో తేళ్ళు చేరును. విడువని ముసురు పట్టినపుడు మిద్దె తడిసి బరువెక్కి, నిద్రలో ఉన్నవారిమీద కూలిన దుర్ఘటనలు మన సీమలో ఉన్నవి. దూలములకు అడవిచెట్లు కావలసియుండెను. కొట్టములు అగ్నికి ఆహుతియయ్యెడివి, వాటిలో నివసించినవారు ఊరిలో అందరికంటె పేదలు. 1824లో ఇంగ్లండున జోసఫ్ ఆస్ప్‌డిన్ హక్కు పొందిన పోర్టులాండు సిమెంటు, 1904లో మద్రాసులో తయారు కాసాగెను. తరువాత అది పేదవానికిని కురియని పైకప్పునిచ్చెను. ఆ మేలును కాదనుట అన్యాయము.

కావున మట్టియా సిమెంటా అను వాదము మనకు పనికిరాదు. ఏ వస్తువునైనను దాని తావున వాడుటయే వివేకము. నీరు తగులు పునాదికి రాయి, బరువు మోయుచోట ఇనుము సిమెంటు, ఎండకాయు గోడకు మందమైన మట్టియిటుక, పూతకు సున్నము. కేరళలో చిరకాలము పనిచేసిన లారీ బేకర్ దగ్గరి వస్తువులను, స్థానిక పనివారిని నమ్మి, తక్కువ వ్యయముతో ఎన్నియో ఇండ్లు కట్టి చూపెను. అట్లు కట్టుటకు వస్తువులకంటె ముందుగా పని తెలిసినవారు కావలెను. సున్నపుగానుగ త్రిప్పుట, చవిటిమన్నును గుర్తించుట, మట్టిని పదునుచేయుట తెలిసిన వృద్ధులు ఊరూర తగ్గిపోవుచున్నారు. రాజమహలును మన మనుమలకు నిలిపియుంచుటకు సున్నము దొరకును, దానిని పూయు చేయి దొరకునా అనునదే నేటి ప్రశ్న. ఆ చేతులు ఉండగనే నేర్చుకొనువారు ముందుకు రావలెను.

ఊరిలో ఒక బడియో, సమాజమందిరమో, తన ఇల్లో కట్టదలచినవారు ముందుగా ఈ సంగతులను విచారింపవలెను. ఈ నేల ఇంటిదా, నీటిదా? పాత చెరువు, పాత వాగు ఎక్కడ ఉండెడివో ఊరి పెద్దలు చెప్పగలరు. కావలసిన వస్తువులలో బండిదూరమున దొరకునవి ఎన్ని? పదేండ్ల తరువాత పైకప్పు పగిలినచో, దానిని బాగుచేయువారు ఈ ఊరిలో ఎవరు? ఆ వ్యయము ఎక్కడినుండి రావలెను? ఈ కడపటి రెండు ప్రశ్నలకు సమాధానము దొరకని భవనము, ప్రారంభోత్సవము నాడు ఎంత శోభించినను, పాడుపడు దినమును తనతోనే తెచ్చుకొన్నదని తెలియవలెను.

తిరుచ్చొగినూరున దీపము పెట్టినవారు దీపపుసెమ్మెతో తృప్తిపడలేదు. నేతికి ఏర్పాటుచేసి, ఆ ఏర్పాటును రాతిపై వ్రాయించిరి. మన బడి గోడమీద దాత పేరుతోపాటు, దానిని ఏటేట కాపాడువారి పేరుకును చోటుంచిన దినమున మనము వారి మార్గమున నడచినవారమగుదుము.